పక్క వేశాక పడుకోని పిల్లలు

రాత్రి పది దాటినా పక్క మీదికి చేరని, చేరినా దీపం ఆర్పగానే ఏడుపు లంకించుకొనే పసిబిడ్డల విషయంలో తెలుగు ఇళ్లలో సాధారణంగా రెండు తీర్పులు వెలువడతాయి. వీడు మొండిఘటమని తండ్రి అంటాడు. దిష్టి తగిలిందంటూ నాయనమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని వస్తుంది. మొదటి తీర్పు కారణాన్ని బిడ్డ స్వభావంలో వెతికితే రెండోది ఎదురింటివారి చూపులో వెతుకుతుంది కాబట్టి, బిడ్డ పడుకొన్న గదిలో ఆ గంటసేపట్లో ఏం జరిగిందన్న సంగతి రెండింటికీ పట్టదు. ప్రవర్తన విశ్లేషణ అనే శాస్త్రశాఖ పని మొదలయ్యేది ఆ గది దగ్గరే: ఏడుపుకు ముందు ఏం జరిగింది, ఏడుపు ఎంతసేపు సాగింది, ఏడ్చిన వెంటనే బిడ్డకు ఏం దొరికింది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీదికి ఎక్కనిదే అది ఏ సలహా ఇవ్వదు. (దిష్టి తీయడాన్ని తీసిపారేయనక్కర్లేదు, దీపాలు తగ్గించి, బిడ్డను ఒకచోట కూర్చోబెట్టి, రోజూ ఒకే వేళకు ఒకే తీరున చేసే ఏ పనైనా నిద్రకు సూచనగా మారగలదని ఈ శాస్త్రమే చెబుతుంది. చిక్కల్లా అది రోజూ జరగకపోవడంలోను, మిరపకాయల ఘాటులోను ఉంది.)

ఈ శాస్త్రపు పరిభాష హైదరాబాద్‌లోని తార్నాకకు కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్ల కింద కూర్చొని టెట్‌కు, డీఎస్సీకి చదువుకొనే అభ్యర్థులు కార్యసాధక నిబంధన, పునర్బలనం, విరమణ, అయత్నసిద్ధ స్వాస్థ్యం అనే మాటలను స్కిన్నర్ పేటికలోని ఎలుకతో కలిపి కంఠతా పడతారు. పరీక్ష అయిపోయాక ఆ మాటలు తమ ఇంటి పడకగదికి కూడా వర్తిస్తాయని తలచేవారు అరుదు. ఒక పని చేసిన వెంటనే కలిగిన ఫలితం వల్ల ఆ పని మళ్లీ మళ్లీ జరగడం పెరిగితే ఆ ఫలితాన్ని పునర్బలనం అంటారు. ఇంతకుముందు దొరుకుతూ వచ్చిన ఆ ఫలితం దొరకడం మానేస్తే పని క్రమంగా సన్నగిల్లడం విరమణ. అలా ఆగిపోయిన పని కొన్నాళ్ల విరామం తర్వాత ఎవరూ నేర్పకుండానే మళ్లీ తలెత్తడం అయత్నసిద్ధ స్వాస్థ్యం. ఈ మూడు మాటలూ బాగా అర్థమైన తల్లికి, నాలుగేళ్ల పిల్ల రాత్రి పదకొండింటికి మూడోసారి మంచినీళ్లు అడగడంలో ఉన్న అసలు సంగతి చాలావరకు అర్థమవుతుంది: నీళ్లకన్నా, నీళ్లు తెచ్చే మనిషి అక్కడ పునర్బలనం.

ప్రవర్తన విశ్లేషణను భారతీయ కుటుంబాలకు తగినట్టు మలిచిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది ఈ చుట్టుపక్కలే జరిగింది. తార్నాక నుంచి సికింద్రాబాద్ మీదుగా బోయిన్‌పల్లి వైపు వెళితే మనోవికాస్ నగర్ వస్తుంది. అక్కడ 1984లో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థను నెలకొల్పింది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అన్న కొత్త పేరుతో అది పనిచేస్తోంది. ఆ సంస్థలో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో రూపొందించిన ‘బేసిక్-ఎంఆర్’ అనే మదింపు సాధనంలో మొదటి భాగం పిల్లలు చేయగల పనులను 280 అంశాలుగాను, రెండో భాగం వారి సమస్యాత్మక ప్రవర్తనలను 75 అంశాలుగాను విడదీసి చూపుతుంది. అంకెలకన్నా ముఖ్యం దాని వెనక ఉన్న దృష్టి. పిల్లవాడు అల్లరివాడు, బిడ్డ మందమతి అన్న ముద్రలను అది ఒప్పుకోదు. కంటికి కనిపించి లెక్కకు అందేది ఏదో దాన్నే రాయమంటుంది. ‘సరిగా పడుకోడు’ అన్న ఫిర్యాదుకు అక్కడ విలువ లేదు. ‘తొమ్మిదిన్నరకు పక్క మీద పడుకోబెట్టాక పదకొండుంబావుకు కళ్లు మూశాడు, ఈలోగా నాలుగుసార్లు లేచాడు’ అన్న వాక్యానికి ఉంది.

అయితే నిద్ర అన్నది తక్కిన ప్రవర్తనల వంటిది కాదు. పలకా బలపం పట్టమని, బువ్వ తినమని పిల్లలకు చెప్పవచ్చు గాని, నిద్రపొమ్మని ఆజ్ఞాపించి ఫలితం పొందిన వారెవరూ లేరు. ఈ చిక్కును 1993లో న్యూజిలాండ్‌కు చెందిన నెవిల్ బ్లాంపీడ్, కారిన్ ఫ్రాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చక్కగా విప్పారు. వారి వివరణ ప్రకారం నిద్ర స్వయంగా ఒక పునర్బలనం; ముఖం కడుక్కోవడం, పక్క మీదికి చేరడం, కదలకుండా పడుకోవడం, కళ్లు మూసుకోవడం అనే చిన్నచిన్న పనుల గొలుసుకు చివర దొరికే ఫలితం. పెద్దలు నేర్పగలిగేది ఆ గొలుసునే, అందులోనూ ముఖ్యంగా పక్క మీద నిశ్చలంగా ఉండడాన్ని. ఆకలి లేనివాడికి అన్నం ఆశ చూపినా పని జరగనట్టు, సాయంత్రం అయిదింటికి గంటన్నర పడుకొని లేచిన పిల్లవాడికి తొమ్మిదింటికి నిద్ర అనే ఫలితానికి విలువ ఉండదు; కథ చెప్పమనడం, ఫోన్ ఇమ్మనడం, అమ్మను పిలవడం అప్పుడు నిద్రతో పోటీకి దిగి సులువుగా గెలుస్తాయి. పడకవేళ జరిగే పెనుగులాటలన్నిటినీ ఈ పోటీగా చూడడం ఆ వివరణ చేసిన మేలు.

రాత్రి మధ్యలో మెలకువ రావడం వేరే సంగతి. పసిపిల్లల నిద్ర దాదాపు గంటకొక ఆవృత్తిగా సాగుతుంది. ఒక ఆవృత్తి ముగిసి మరొకటి మొదలయ్యే సంధిలో క్షణకాలం మెలకువ రావడం ప్రతి బిడ్డకూ సహజం. ఆ క్షణంలో బిడ్డ చుట్టూ చూసినప్పుడు, నిద్రపోయే వేళకు ఉన్న పరిస్థితులే ఉంటే మళ్లీ నిద్రలోకి జారుకొంటుంది, లేకపోతే ఏడుస్తుంది. తెలుగు తల్లులు బిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకొని ఊపుతారు, దూలానికి చీర కట్టి ఉయ్యాల వేస్తారు, వీపు మీద జోకొడతారు, లాలిపాట పాడతారు. ఇవన్నీ నిద్రకు ఆధారాలు, అంటే బిడ్డ శరీరం నిద్రతో ముడివేసుకొన్న ఉద్దీపనలు. వీటిలో దోషమేమీ లేదు. కాకపోతే రాత్రి ఒంటిగంటకు బిడ్డకు మెలకువ వచ్చేసరికి ఉయ్యాల ఆగి ఉంటుంది, పాట ఆగి ఉంటుంది, కాళ్లు చాచిన అమ్మ పక్కకు ఒత్తిగిలి ఉంటుంది. బిడ్డ ఏడుపు ఆ ఆధారాలను తిరిగి తెమ్మనడమే. కనుక ఈ శాస్త్రం ఆధారాలను తీసేయమనదు. తెల్లవార్లూ బిడ్డ పక్కనే ఉండగలిగిన వాటికి మార్చమంటుంది. రాత్రంతా తిరిగే పంకా చప్పుడు, అమ్మ పాతచీరతో కుట్టిన బొంత, నడిచే వయసు వచ్చిన పిల్లలకు చేతిలో పట్టుకొనే బొమ్మ ఆ కోవలోవి. ఏడాది లోపు పసికందు పక్కలో మాత్రం వదులుగా ఉండే గుడ్డ, దిండు, బొమ్మ ఏదీ ఉంచకూడదు. వాళ్ల విషయంలో ఊపిరాడని ప్రమాదం అన్నిటికన్నా ముందు చూడాలి.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే పాత నివేదిక 1959లో సి. డి. విలియమ్స్ ప్రచురించినది. 21 నెలల బాలుడొకడు పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర పాటు తీవ్రంగా జబ్బుపడి, కోలుకొన్న తర్వాత కూడా పక్క దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరాలని పట్టుబట్టేవాడు. వాడికి నిద్ర పట్టేదాకా తల్లిదండ్రులు అరగంట నుంచి రెండు గంటల వరకు గదిలో కూర్చోవలసి వచ్చేది, పోనీ ఆ సమయంలో ఏదైనా చదువుకొందామని పుస్తకం తెరిస్తే అది పక్కనబెట్టేదాకా ఏడ్చేవాడు. వైద్యపరంగా ఏ లోపమూ లేదని తేలాక, ప్రశాంతంగా పడుకోబెట్టి తలుపు వేసి రావడం, మళ్లీ లోపలికి వెళ్లకపోవడం అనే పద్ధతి మొదలైంది. తొలి రాత్రి 45 నిమిషాలు ఏడ్చిన బాలుడు పదోసారికి పెద్దలు గది వదిలి వస్తుంటే నవ్వాడు. వారం తర్వాత పిన్నో మేనత్తో, ఆ ఇంటి దగ్గరి బంధువు ఒకామె పడుకోబెట్టినప్పుడు బాలుడు కాస్త ఏడవగా ఆమె మనసు కరిగి గదిలోకి తిరిగి వెళ్లింది. దాంతో కథంతా మొదటికి వచ్చింది. అదే పద్ధతిని రెండోసారి పాటించగా తొమ్మిదో సారికి ఏడుపు పూర్తిగా ఆగింది, తర్వాతి రెండేళ్లలో మళ్లీ రాలేదు.

విలియమ్స్ నివేదికలో శాస్త్రజ్ఞులు విరమణను చూస్తారు. తార్నాకకు దగ్గరలోని మల్కాజ్‌గిరిలో చదివేవారు ఆ బంధువును చూడాలి. ఆనంద్‌బాగ్‌లోనో మీర్జాలగూడలోనో రెండు గదుల పోర్షన్‌లో అయిదుగురు ఉండే ఇంట్లో, పక్క పోర్షన్‌కు మధ్య ఒక్క ఇటుక గోడ ఉన్నచోట, బిడ్డ 45 నిమిషాలు ఏడుస్తుంటే నాయనమ్మ లేవకుండా ఉండదు, ఇంటి ఓనరు తలుపు తట్టకుండా ఉండడు. ఫలితం దొరకడం ఆగిన కొత్తలో ఏడుపు తగ్గడానికి ముందు ఒక్కసారిగా ఉధృతమవుతుంది. సరిగ్గా ఆ ఉధృతిలో ఎవరో ఒకరు లొంగిపోతే, ఇకపై ఎంత గట్టిగా, ఎంతసేపు ఏడిస్తే పని జరుగుతుందో బిడ్డకు తెలిసిపోతుంది. పైగా అప్పుడప్పుడు మాత్రమే దొరికే పునర్బలనం వల్ల స్థిరపడిన ప్రవర్తన, ప్రతిసారీ దొరికే దానికన్నా మొండిగా నిలుస్తుంది. నాలుగు రాత్రులు బిగబట్టి అయిదో రాత్రి లొంగిన ఇల్లు అసలు ప్రయత్నించని ఇంటికన్నా చెడ్డ స్థితిలో పడుతుంది. ‘ఏడవనివ్వండి, అదే సర్దుకొంటుంది’ అన్న ఒంటిమాట సలహాను ఇలాంటి ఇళ్లకు మొదటి మందుగా ఇవ్వడం, ఇంటి గోడలను చూడకుండా చీటీ రాయడమే అవుతుంది.

ఆ పద్ధతి క్రూరమైనదని ఈ మాటకు అర్థం కాదు. తల్లిదండ్రులు కాసేపు ఆగి చూసి వెళ్లడం, పక్కనే కుర్చీలో ఉండి క్రమంగా దూరం జరగడం వంటి మెత్తని రూపాలను పాటించిన కుటుంబాల పిల్లలను ఆస్ట్రేలియాలో ఆరేళ్ల వయసు వరకు గమనించి 2012లో వెలువరించిన అధ్యయనంలో, ఆ పిల్లల మానసిక స్థితిలో గాని తల్లితో అనుబంధంలో గాని హాని ఏదీ కనిపించలేదు. చెప్పదలచిన సంగతి వేరు: ఈ పరికరాలు తయారైనది బిడ్డకు విడి గది ఉన్న ఇళ్లలో. 2010లో వెలువడిన ఒక సర్వే భారతదేశంతో సహా 17 దేశాలు, ప్రాంతాల్లోని 29,287 మంది పసిపిల్లల నిద్రను పోల్చింది. న్యూజిలాండ్ పిల్లలు సగటున సాయంత్రం 7:27కు పక్క ఎక్కుతుంటే హాంకాంగ్ పిల్లలు రాత్రి 10:17కు ఎక్కుతున్నారు. ఆసియా పిల్లల్లో ఎక్కువమంది పెద్దలతో ఒకే పక్క మీదో ఒకే గదిలోనో పడుకొంటున్నారు. పైన చెప్పిన నిద్ర సిద్ధాంతం పుట్టిన దేశమే ఆ పట్టికలో అందరికన్నా ముందు దీపం ఆర్పే దేశం కావడం గమనించదగినది. సిద్ధాంతం ఎక్కడైనా ఒకటే, దాన్ని అమలు చేసే తీరు మాత్రం ఇంటినిబట్టి మారాలి.

ఏ చికిత్సకైనా ముందు వైద్యుడి పరీక్ష ఉంటుంది. గురకపెట్టి, నోటితో గాలి పీల్చి, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడే బిడ్డకు కావలసింది చెవి ముక్కు గొంతు వైద్యుడు, నిద్ర పట్టిక కాదు. పడుకోగానే కాళ్లు ఆడించకుండా ఉండలేని పిల్లల్లో ఇనుము లోపం ఉందేమో చూడాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందంటే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టించుకొనే విషయమూ పడకగది విషయమూ అనుకున్నంత దూరంలో లేవు. మందుల షాపులో అడిగి తెచ్చిన దగ్గు సిరప్‌ను నిద్ర కోసం పట్టడం ఎంత సాధారణమో అంత ప్రమాదం కూడా.

శరీరంలో లోపం లేదని తేలిన తర్వాత, ఉమ్మడి గదుల ఇళ్లకు అన్నిటికన్నా ముందు పనికివచ్చే సాధనం గడియారం. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు పెరెట్జ్ లావీ 1986లో, రోజూ నిద్రపట్టే వేళకు ముందున్న రెండు మూడు గంటల్లో మెలకువ తగ్గడానికి బదులు శిఖరానికి చేరుతుందని, ఆ సమయంలో నిద్రపోవడం దాదాపు అసాధ్యమని చూపించాడు. పదకొండింటికి నిద్రపోయే అలవాటున్న పిల్లవాణ్ని ‘రేపటి నుంచి తొమ్మిదింటికే’ అని పక్క మీదికి తోస్తే, శరీరం అస్సలు ఒప్పుకోని వేళలో తోసినట్టవుతుంది. ఆ రెండు గంటల పెనుగులాటతో పక్క అనగానే పోట్లాట గుర్తుకు రావడం మొదలవుతుంది. అందుకే 1991లో కాథలీన్ పియాజా, వేన్ ఫిషర్ ప్రచురించిన పద్ధతి పెద్దలకు తలకిందులుగా తోచే సలహాతో మొదలవుతుంది: బిడ్డను ముందు ఇంకా ఆలస్యంగా పడుకోబెట్టాలి.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులోనో మౌలాలీ షెడ్డులోనో షిఫ్టు డ్యూటీ చేసే తండ్రి, అయిదేళ్ల కొడుకు ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకొంటే లెక్క స్పష్టమవుతుంది. వారం రోజుల పాటు తల్లి వంటింటి క్యాలెండర్ వెనక పట్టిక రాస్తుంది: బడి నుంచి వచ్చి పడుకొన్న వేళ, లేచిన వేళ, పక్క వేసిన వేళ, కళ్లు మూసిన వేళ, మధ్యలో లేచినప్పుడు ఎవరు ఏం చేశారు. పక్క తొమ్మిదిన్నరకు వేస్తున్నా సగటున నిద్ర పట్టేది పదకొండుంబావుకని, బడి బస్సు కోసం ఆరున్నరకు లేపుతున్నారని, సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర వరకు మళ్లీ పడుకొంటున్నాడని తేలుతుంది. అంటే రాత్రి ఏడుంబావు గంటలు, సాయంత్రం గంటన్నర, మొత్తం ఎనిమిది గంటల ముప్పావు. ఆ వయసుకు నిపుణులు చెప్పే కనీసం పది గంటల్లో గంటంబావు లోటు. పట్టికలో మరో సంగతి కూడా బయటపడుతుంది: డ్యూటీ దిగి తండ్రి పదింటికి వచ్చిన రోజుల్లో నిద్ర మరింత వెనక్కి పోతోంది, ఎందుకంటే రోజంతటిలో నాన్నతో ఆట దొరికేది అప్పుడే.

దసరా సెలవుల్లాంటి బడి లేని రోజుల్లో మార్పు మొదలుపెడతారు. సాయంత్రపు కునుకు ఆపి, లేచే వేళను సెలవుల్లోనైనా ఆరున్నరకే నిలిపి, తొలి రాత్రి పక్కను సగటుకు అరగంట జోడించి పదకొండుముప్పావుకు వేస్తారు. పావుగంటలో నిద్రపోతే మర్నాడు అరగంట ముందుకు జరుపుతారు. పోకపోతే పక్క మీదినుంచి లేపి, టీవీ, ఫోన్ లేకుండా మెలకువగా కూర్చోబెట్టి, తర్వాత పడుకోబెట్టి, మర్నాడు అరగంట వెనక్కి జరుపుతారు. పక్క మీద మేలుకొని పెనుగులాడే సమయమే మిగలదు కాబట్టి, గోడ అవతలికి వినిపించే ఏడుపూ ఉండదు. ఈ పద్ధతి మల్కాజ్‌గిరి పోర్షన్లకు తగినదనడానికి అదే ముఖ్య కారణం. మొదటి రెండు మూడు పగళ్లు పిల్లవాడు చిరాకుగా ఉంటాడు, సాయంత్రం అయిదింటికి సోఫా మీద వాలిపోతాడు. ఆ గంట వాడు మేలుకొని ఉండేలా చూడడమే మొత్తం చికిత్సలో కష్టమైన పని, అది చేయగలిగింది మామూలుగా తాతయ్యే. రెండు వారాల్లో పక్క తొమ్మిది లోపుకు చేరవచ్చు. నాన్నతో ఆట పోకూడదు. రాత్రి పది నుంచి అది పొద్దున బస్సు వచ్చే ముందటి అరగంటకు మారుతుంది.

వేళ కుదిరాక కూడా మిగిలే ‘నీళ్లు, బాత్రూం, ఒక్క మాట’ అన్న పిలుపులకు 1999లో పాట్రిక్ ఫ్రైమన్ బృందం మూడేళ్లు, పదేళ్ల పిల్లలిద్దరి మీద పరీక్షించిన చిన్న ఉపాయం ఉంది. పడుకొనే ముందు బిడ్డ చేతికి ఒక అట్టముక్క పాస్ ఇస్తారు. దానితో ఒక్కసారి లేచి రావచ్చు, ఒక్కటి అడగవచ్చు, అడిగింది దొరుకుతుంది, పాస్ పెద్దల చేతికి పోతుంది. ఇక ఆ రాత్రికి అంతే. ఏడుపుతో సాధించవలసినది అడిగి పొందే దారి తెరుచుకొంటుంది గనుక ఉధృతి లేకుండానే పిలుపులు తగ్గాయి. బస్‌పాస్ ఎరిగిన ఊళ్లో ఈ ఏర్పాటును పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర సమస్యలతో బాధపడతారు. వారిలో చాలామందికి మాట తక్కువ కాబట్టి వేళ పట్టికను బొమ్మలుగా గోడకు అంటించడం, ఒక్కొక్క మార్పును విడిగా ఎక్కువ రోజులు సాగదీయడం వంటి సర్దుబాట్లు అవసరమవుతాయి, అవి శిక్షణ ఉన్న నిపుణుల పర్యవేక్షణలో జరగాలి. ఆరు నెలల లోపు పసికందులకు మాత్రం ఈ పద్ధతులేవీ వర్తించవు; రాత్రి లేచి పాలు తాగడం ఆ వయసు హక్కు.

కుదిరిన నిద్ర చెదిరే సందర్భాలు ముందే తెలిసినవి: జ్వరం, కొత్త బిడ్డ రాక, సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు. అక్కడ రాత్రి పన్నెండు దాకా పిల్లలందరూ కలిసి ఆడుకొంటారు, ఆడుకోవాలి కూడా. తిరిగి వచ్చిన మర్నాడు పాత ఏడుపు తలెత్తితే అది చికిత్స విఫలమవడం కాదు, టెట్ పుస్తకంలోని అయత్నసిద్ధ స్వాస్థ్యమే. పాత పట్టిక తీసి, నిజంగా నిద్ర పట్టే వేళ నుంచి మళ్లీ అరగంట చొప్పున లెక్క మొదలుపెట్టాలి. ఈసారి మాత్రం ఎవరు లేవాలో, ఎవరు లేవకూడదో పడుకొనే ముందే నాయనమ్మతో సహా ఇంట్లో అందరూ అనుకొని ఉండడం మంచిది.